ఆసుపత్రి భోజనం – ఆహారపు ఎలర్జీ: రోగి వెంట ఉన్నవారు తెలుసుకోవలసిన విషయాలు

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



మందుల గురించి డాక్టరు గారు మీకు చెబుతూనే ఉంటారు. ఈ రోజు నేను భోజనం గురించి చెబుతాను. ఆసుపత్రిలో ఒక మాత్ర రోగి నోట్లోకి వెళ్ళాలంటే డాక్టరు గారు రాయాలి, సిస్టరు చూసి ఇవ్వాలి, కేస్ షీటులో గుర్తు పెట్టాలి. కానీ అన్నం ముద్ద అలా కాదు. మన ఏన్కూరు, జూలూరుపాడు, తల్లాడ వైపు ఆసుపత్రి అయినా, నర్సింగ్ హోమ్ అయినా రోగికి తిండి నాలుగు దారుల్లో వస్తుంది. ఇంటి నుండి క్యారియర్ వస్తుంది. హోటలు నుండి ఇడ్లీ పొట్లం వస్తుంది. పక్క మంచం వాళ్ళు ప్రేమతో ఒక గిన్నె కూర ఇస్తారు. ఎవరి పుట్టినరోజుకో, పండుగకో దాతలు వచ్చి రొట్టెలు, బిస్కెట్లు, పండ్లు పంచుతారు. వీటిలో ఏదీ ఎక్కడా రాసి ఉండదు. కాబట్టి రోగి తిండికి కాపలా మీరే. ఆ కాపలా ఎలా కాయాలో ఇప్పుడు చూద్దాం.

"పడదు" అంటే ఏమిటి?

రోగిని చేర్చుకునేటప్పుడు "ఏమైనా పడనివి ఉన్నాయా?" అని మేము అడుగుతాము. అప్పుడు బంధువులు పెద్ద జాబితా చెబుతారు. వంకాయ పడదు, గోంగూర పడదు, గుడ్డు పడదు, చింతపండు పడదు, పెరుగు పడదు, మామిడిపండు పడదు అంటారు. ఇంకొందరు "అన్నీ పడతాయి సిస్టర్" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. రెండు జవాబులతోనూ మాకు ఇబ్బందే.

ఎందుకంటే మన భాషలో "పడదు" అన్న ఒక్క మాటలో నాలుగైదు సంగతులు కలిసి ఉన్నాయి. మొదటిది పత్యం. ఆపరేషన్ అయింది కాబట్టి చీము పడుతుందని, బాలింత కాబట్టి వాతం చేస్తుందని పెద్దలు మానిపిస్తారు. రెండవది అరగకపోవడం. పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలు అవుతాయి. ఇది బాధే గాని ప్రాణాపాయం కాదు. మూడవది "వేడి చేస్తుంది" అన్న నమ్మకం. నాలుగవది మొక్కు, ఉపవాసం, ఇంటి ఆచారం. ఐదవది అసలైన ఎలర్జీ. ఈ ఐదవది ఒక్కటే నిమిషాల్లో మనిషి ప్రాణం తీయగలదు.

పది పేర్ల జాబితాలో ఆ ఒక్కటి కలిసిపోతే ఎవరి కంటా పడదు. అందుకే మిమ్మల్ని కోరేది ఏమిటంటే, "పడదు" అన్న తర్వాత ఇంకో నాలుగు మాటలు చెప్పండి.

1. తిన్నప్పుడు సరిగ్గా ఏమి జరిగింది? దద్దుర్లా, పెదవులు వాచాయా, ఆయాసం వచ్చిందా, కళ్ళు తిరిగి పడిపోయారా, లేక కడుపు ఉబ్బరమేనా?
2. తిన్న ఎంతసేపటికి వచ్చింది?
3. ఎంత తింటే వచ్చింది? ఒక్క ముక్కకా, కడుపునిండా తింటేనా?
4. తిన్న ప్రతిసారీ వస్తుందా, ఒక్కసారే వచ్చిందా? అప్పుడు సూది వేయవలసి వచ్చిందా?

"రొయ్యలు పడవు" అంటే మాకు సగమే తెలుస్తుంది. "రెండేళ్ళ క్రితం రొయ్యలు తిన్న పావుగంటకే మూతి వాచింది, ఊపిరి ఆడలేదు, ఆసుపత్రికి తీసుకుపోయారు" అంటే పూర్తిగా తెలుస్తుంది. అప్పుడు ఆ మాట కేస్ షీటు మీద ఎర్ర అక్షరాలతో ఎక్కుతుంది.

ఇందులో ఇంకో మేలు కూడా ఉంది. ఎలర్జీ కానిదాన్ని ఎలర్జీ అని రాస్తే రోగి నీరసపడతాడు. క్షయ మందులు వాడుతున్న మనిషికి గుడ్డు, పప్పు మాన్పిస్తే కోలుకోవడం కష్టం. బాలింతకు మిరియాల అన్నం ఒక్కటే పెడితే ఒంట్లో రక్తం ఎలా పడుతుంది? అనవసరమైన పత్యాన్ని డాక్టరు గారిని అడిగి విడిచిపెట్టండి. నిజమైన ఎలర్జీని మాత్రం ఎవరు ఏమన్నా విడవకండి.

ఎలర్జీ ఎలా వస్తుంది?

మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే రక్షణ శక్తి ఉంది. కొందరిలో అది పొరపాటున పల్లీనో, పాలనో, చేపనో శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. మళ్ళీ ఆ ఆహారం లోపలికి వెళ్ళగానే హిస్టమిన్ మొదలైన రసాయనాలను ఒక్కసారిగా వదులుతుంది. దానివల్లే దురద, దద్దుర్లు, వాపు, వాంతులు, పిల్లికూతలు వస్తాయి. రక్తనాళాలు వదులై బి.పి. పడిపోతుంది. సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటల లోపు ఇది మొదలవుతుంది. ఒంటి నిండా పాకిన ఈ తీవ్రమైన స్థితిని వైద్యులు అనాఫిలాక్సిస్ అంటారు.

"ఇన్నాళ్ళూ తిన్నదే కదా, ఇప్పుడెందుకు వస్తుంది?" అని చాలామంది అడుగుతారు. వస్తుంది. ముఖ్యంగా రొయ్యలు, పీతల ఎలర్జీ పెద్దయ్యాక కొత్తగా మొదలవడం మామూలే. చిన్నపిల్లలకు వచ్చే పాల ఎలర్జీ, గుడ్డు ఎలర్జీ చాలామందికి ఎదిగే కొద్దీ తగ్గిపోతాయి. పల్లీలు, చేపలు, రొయ్యల ఎలర్జీ ఎక్కువమందిలో అలాగే ఉండిపోతుంది.

రక్త పరీక్ష గురించి కూడా ఒక మాట. కర్ణాటకలో పెద్దవారి మీద జరిపి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రక్త పరీక్షలో ఏదో ఒక ఆహారానికి పాజిటివ్ వచ్చినవారు నూటికి 26 మందికి పైగా ఉన్నారు. కానీ నిజంగా ఎలర్జీ ఉన్నట్లు అనిపించినవారు నూటికి ఒకరికి కాస్త పైన మాత్రమే. అంటే రిపోర్టులో పాజిటివ్ అని ఉన్నంత మాత్రాన ఎలర్జీ ఉన్నట్లు కాదు. తిన్నప్పుడు ఏమి జరిగిందో మీరు చెప్పే మాటే డాక్టరు గారికి మొదటి ఆధారం.

ఏ ఆహారాలతో జాగ్రత్త?

ప్రపంచమంతటా ఎక్కువగా ఎలర్జీ కలిగించేవి పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు–పీతలు, పల్లీలు, జీడిపప్పు–బాదం వంటి గింజలు, గోధుమ, సోయా, నువ్వులు. మన దేశంలో శనగలు, మినుములు వంటి పప్పుల వల్ల, వంకాయ వల్ల కూడా వచ్చినట్లు పరిశోధకులు రాశారు. కాబట్టి "వంకాయకు ఎలర్జీ ఏమిటి" అని తీసిపారేయకండి. పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ప్రమాదం ఎక్కువగా కనబడని చోట ఉంటుంది. ఆసుపత్రిలో రోజూ కనిపించేవే కొన్ని చెబుతాను.

హార్లిక్స్: రోగిని చూడడానికి వచ్చినవాళ్ళు తెచ్చే మొదటి సీసా ఇదే. ఇందులో గోధుమ, బార్లీ, పాలు ఉంటాయి.

ప్రోటీన్ పౌడర్లు: పాలు, సోయా ఉంటాయి. కొన్నింటిలో పల్లీల ప్రోటీను కూడా ఉంటుంది. డబ్బా మీద చదవకుండా కలపకండి.

ఇంగువ: బజారులో దొరికే ఇంగువ పొడిలో గోధుమ పిండి లేక మైదా కలుపుతారు. గోధుమ పడని రోగికి సాంబారు, చారు ఇచ్చే ముందు ఇది గుర్తుంచుకోండి.

చట్నీలు, పొడులు: హోటలు ఇడ్లీలో పల్లీ ఉండదు, దానితో ఇచ్చే చట్నీలో ఉంటుంది. ఇంట్లో నువ్వుల పొడి వేసిన కూర చూడడానికి మామూలు కూరలాగే ఉంటుంది. పులిహోరలో పల్లీలు, జీడిపప్పు వేస్తారు. గుడి ప్రసాదమైనా, చర్చిలో ప్రేమ విందు అయినా అడిగిన తర్వాతే రోగికి పెట్టండి. అడగడం అగౌరవం కాదు.

ఎండు రొయ్యలు: గోంగూరలో, వంకాయలో రుచికి గుప్పెడు వేస్తారు. తీసి పక్కన పెట్టినా ఆ పులుసులో రొయ్య ఉన్నట్లే.

మీల్ మేకర్: ఇది సోయానే. పేరు వేరు కావడం వల్ల చాలామందికి తెలియదు.

మేకపాలు: ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు తేలిక అని మన తండాల్లో, గూడేల్లో పెద్దలు చెబుతారు. ఆవుపాల ఎలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి మేకపాలు, గేదెపాలు కూడా పడవు. డాక్టరు గారిని అడగకుండా మార్చకండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో కూడా గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయని తెలుసుకోండి.

నిలవ చేప: సరిగ్గా ఐస్ పెట్టని కొన్ని రకాల చేపల్లో హిస్టమిన్ తయారవుతుంది. అది తింటే ఎలర్జీలాగే మొహం ఎర్రబడి దద్దుర్లు వస్తాయి. వండినా అది పోదు. ఇంట్లో ఒకే చేప తిన్న నలుగురికీ ఒకేసారి అలా వస్తే ఆ సంగతి డాక్టరు గారికి చెప్పండి.

ప్యాకెట్ మీద చదవండి. 2020లో వచ్చిన మన ఆహార భద్రతా సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం పాలు, గుడ్డు, గోధుమ, పల్లీలు, గింజలు, సోయా, చేప, రొయ్య జాతి కలిస్తే ఆ మాట ప్యాకెట్ మీద వేయాలి. ఆ జాబితాలో నువ్వులు లేవు. కాబట్టి నువ్వులు పడనివారు పదార్థాల వివరం మొత్తం చదవాలి. అది ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చదవడం రాకపోతే మా దగ్గరకు తీసుకురండి, మేము చదివి చెబుతాము.

నువ్వుల సంగతి చిన్నది అనుకోకండి. 2016లో ఇంగ్లండుకు చెందిన నటాషా ఎడ్నాన్-లాపెరూజ్ అనే 15 ఏళ్ళ అమ్మాయి ఒక రొట్టె తిని మరణించింది. నువ్వులు పిండిలోనే కలిసి ఉండడంతో పైకి కనబడలేదు. కవరు మీద రాయలేదు. ఆ తర్వాత అక్కడ చట్టం మార్చారు. 2021 అక్టోబరు నుండి అప్పటికప్పుడు చేసి ప్యాక్ చేసి అమ్మే ఆహారం మీద కూడా పదార్థాలన్నీ రాయాలి. మన హోటలు పొట్లం మీద ఏమీ రాసి ఉండదు. కాబట్టి మనం నోటితో అడగాలి.

వార్డులో పాటించవలసినవి

1. చేర్చిన రోజే ఎలర్జీ సంగతి డ్యూటీ సిస్టరుకు చెప్పండి. షిఫ్టు మారినప్పుడు కొత్తగా వచ్చిన సిస్టరుకు మళ్ళీ చెప్పండి. మాకు విసుగు రాదు. అరటిపండు, బొప్పాయి తింటే నోరు దురద పెట్టేవారు కూడా చెప్పండి. అలాంటి వారిలో కొందరికి రబ్బరు గ్లోవ్సు కూడా పడవు. మేము వేరే గ్లోవ్సు వాడతాము.

2. మంచం దగ్గర ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "పల్లీలు ఇవ్వకూడదు" అని తెలుగులో రాసి అంటించండి. మీరు టీకి వెళ్ళినప్పుడు వచ్చే దాతలకు, చుట్టాలకు ఆ కాగితమే చెబుతుంది.

3. వెంట ఉండేవాళ్ళు మారితే తిండి విషయం కూడా అప్పగించి వెళ్ళండి. పగలు కోడలు, రాత్రి కొడుకు, మర్నాడు మేనల్లుడు ఉంటారు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియక జరిగే ప్రమాదాలే ఎక్కువ.

4. ఇంట్లో వండేటప్పుడు రోగి వంట ముందు చేసి, మూత పెట్టి పక్కన ఉంచండి. పల్లీలు వేయించిన మూకుడు, రొయ్యలు వేయించిన నూనె, చట్నీ రుబ్బిన మిక్సీ జారు కడగకుండా వాడకండి. గరిటె కూడా వేరుగా ఉండాలి. వేయిస్తే, ఉడికిస్తే పల్లీ ఎలర్జీ పోదు. వేయించిన పల్లీ ఇంకా తీవ్రంగా పనిచేస్తుంది.

5. పల్లీలు, చిక్కీ తిన్న చేతులతో రోగికి తినిపించకండి. సబ్బుతో, నీళ్ళతో కడుక్కోండి. వార్డులో సీసాలో ఉండే చేతి శానిటైజరు క్రిములను చంపుతుంది గాని, పల్లీ జిడ్డులో ఉన్న ప్రోటీనును తొలగించదు. ఉత్త నీళ్ళు కూడా చాలవు.

6. పక్క మంచం వాళ్ళు ఇచ్చినది కాదనడానికి మొహమాటపడకండి. "అక్కా, మా నాన్నకు డాక్టరు గారు వేరే తిండి రాశారు, ఏమీ అనుకోవద్దు" అనండి. వాళ్ళు తప్పకుండా అర్థం చేసుకుంటారు.

7. "కొంచెం తింటే ఏం కాదు, అలవాటు చేయాలి" అని ఎవరు చెప్పినా వినకండి. తెలియకుండా కూరలో కలిపి పెట్టి చూద్దాం అనుకోకండి. అలవాటు చేసే చికిత్స ఉంది, కానీ అది ఆ నిపుణుల దగ్గర కొలత ప్రకారం జరుగుతుంది. ఇంట్లో పరీక్షలు పెట్టకూడదు.

నోరు విప్పి చెప్పలేని రోగులు

ముసలివాళ్ళు, పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళు, మతిమరుపు ఉన్నవాళ్ళు, పసిపిల్లలు తమకు ఏది పడదో చెప్పలేరు. నోరు దురద పెడుతోందని కూడా చెప్పలేరు. అలాంటివారిని గమనించడం మీ పని. తినిపిస్తుండగా మొహం తిప్పుకోవడం, నాలుక బయటపెట్టి రుద్దుకోవడం, గొంతు పట్టుకోవడం, ఒక్కసారిగా దగ్గు, గొంతు మారడం కనిపిస్తే తినిపించడం ఆపి మమ్మల్ని పిలవండి.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చే రోగికి నోటి రుచి తెలియదు. జావలో ఏమి కలిపారో ప్రతిసారీ మాకు చెప్పండి. గుడ్డు, పాలపొడి, పప్పు నీళ్ళు కొత్తగా కలపాలంటే ముందుగా అడగండి.

బి.పి., గుండె మందులు వాడేవారి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి తీవ్రమైన ఎలర్జీ వస్తే సూది మందు తొందరగా పనిచేయకపోవచ్చు. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి కొన్ని బి.పి. మాత్రల వల్ల దురద లేకుండానే పెదవులు, నాలుక వాచవచ్చు. దాన్ని తిండి ఎలర్జీ అని సరిపెట్టుకోకుండా వెంటనే చూపించండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానకండి.

ప్రమాదం జరిగితే ఏమి చేయాలి?

తిన్న తర్వాత దద్దుర్లతో పాటు ఆయాసం గాని, గొంతు బిగుసుకుపోవడం గాని, ఆగని వాంతులు గాని, కళ్ళు తిరగడం గాని వస్తే అది అత్యవసరం. కొందరిలో దద్దుర్లు లేకుండానే ఊపిరి ఆగిపోతుంది, బి.పి. పడిపోతుంది. దద్దుర్లు లేవు కదా అని కూర్చోకండి.

వార్డులో ఉంటే గట్టిగా కేక వేసి సిస్టరును పిలవండి. రోగిని వదిలి వెళ్ళకండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళ కింద దిండ్లు పెట్టండి. ఆయాసం ఎక్కువగా ఉంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. వాంతి అవుతున్నా, స్పృహ తప్పినా పక్కకు తిప్పండి. గర్భిణి అయితే ఎడమ పక్కకు తిప్పండి. లేచి నిలబడనివ్వకండి, బాత్‌రూముకు నడిపించకండి. నోట్లో నీళ్ళు, మజ్జిగ, నిమ్మరసం ఏమీ పోయకండి. తిన్న పదార్థం మిగిలి ఉంటే పారేయకుండా మాకు చూపించండి.

ఈ స్థితిలో ప్రాణం కాపాడే మందు అడ్రినలిన్. దాన్ని తొడ కండలోకి ఇస్తాము. ఐదు నిమిషాల్లో మెరుగు కనిపించకపోతే మళ్ళీ ఇస్తాము. మన ఊళ్ళలో చాలామంది "అవిల్ సూది వేయండి, తగ్గిపోతుంది" అంటారు. అవిల్, సెట్రిజిన్ దురదకు, దద్దుర్లకు పనిచేస్తాయి. మూసుకుపోతున్న గొంతును, పడిపోతున్న బి.పి.ని అవి ఆపలేవు. వాటి కోసం మెడికల్ షాపుల చుట్టూ తిరిగి సమయం పోగొట్టుకోకండి.

ఇంటి దగ్గర జరిగితే వెంటనే 108కి ఫోను చేయండి. "తిండి ఎలర్జీ, ఊపిరి ఆడడం లేదు" అని స్పష్టంగా చెప్పండి. అడవి పక్క ఊళ్ళకు వాహనం రావడం ఆలస్యమయ్యేలా ఉంటే ఆటోలోనో, కారులోనో పడుకోబెట్టి దగ్గరలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళండి. టీకాలు వేసే చోట అడ్రినలిన్ ఉంచుతారు. ముందుగా అక్కడ సూది వేయించి తర్వాత ఖమ్మమో, కొత్తగూడెమో తీసుకువెళ్ళవచ్చు. బైకు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోకండి. బి.పి. పడిపోయిన మనిషిని నిటారుగా కూర్చోబెడితే గుండెకు రక్తం అందక అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు.

తగ్గింది కదా అని వెంటనే ఇంటికి బయలుదేరకండి. కొందరికి కొన్ని గంటల తర్వాత మళ్ళీ వస్తుంది. డాక్టరు గారు ఉండమన్నంతసేపు ఉండండి. ఒక రాత్రి మంచం ఖర్చుకు భయపడి దారి మధ్యలో ప్రమాదం తెచ్చుకోవద్దు.

ఇంటికి వెళ్ళేటప్పుడు

డిశ్చార్జి కాగితంలో ఎలర్జీ పేరు రాశారా లేదా చూసుకోండి. రాయకపోతే అడిగి రాయించుకోండి. ఆ పేరు ఒక చిన్న కార్డు మీద తెలుగులో రాసి ఆరోగ్యశ్రీ కార్డుతో పాటు పెట్టండి. పిల్లలైతే అంగన్‌వాడీ టీచరుకు, బడిలో వంట చేసే అమ్మకు చెప్పండి. హాస్టలులో చేర్చితే వార్డెనుకు రాసి ఇవ్వండి. వృద్ధాశ్రమంలో ఉన్న పెద్దలైతే వంటమనిషికే స్వయంగా చెప్పండి, ఆఫీసులో చెప్పి ఊరుకోకండి. గుడ్డు పడని పిల్లలకు టీకాలు మాన్పించకండి. సంగతి ముందుగా చెప్పి వేయించండి. కుక్క కరిస్తే ఏ ఎలర్జీ ఉన్నా టీకా తప్పనిసరి.

ఇవన్నీ వినడానికి ఎక్కువగా అనిపించవచ్చు. చేయడానికి కావలసింది మాత్రం కొంచెం ఓపిక, అడిగే అలవాటు. సాయంత్రం క్యారియర్ వచ్చినప్పుడు మూత తీసి, వండిన అమ్మకు ఒక్కసారి ఫోను చేసి "ఇందులో ఏమేమి వేశారు?" అని అడగండి. సందేహం ఉంటే ఆ గిన్నె పక్కన పెట్టి డ్యూటీలో ఉన్న సిస్టరును పిలవండి. మీ రోగులందరూ త్వరగా కోలుకుని క్షేమంగా ఇళ్ళకు చేరాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.